చిన్న చేతిలోని గాజు సీసా

ఆ మేడమ్‌ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆవిడ మీద కాదు.

కరోనా తగ్గాక గల్ఫ్‌లోని ఉమ్మ్ అల్ కువైన్ తీరంలో జరిగిన పురావస్తు తవ్వకాల్లో ఫొటోలు తీయడానికి అజ్మాన్ నుంచి వెళ్లేవాణ్ణి. దొరికిన చిన్న వస్తువులన్నీ చూసుకునే ఆవిడది రాజమండ్రి. పూస తెచ్చినా, రోమన్ నాణెం తెచ్చినా, "ముందు ఎక్కడ దొరికిందో చెప్పండి" అనేవారు. చెప్పలేకపోతే తిట్లే.

ఒకరోజు రెండు వేల ఏళ్లనాటి సమాధిలో, ఓ పిల్ల చేతి ఎముకల మధ్య రోమన్ గాజు సీసా బయటపడింది. మర్నాడు పొద్దున నేను ఫొటోలు తీశాకే కదపాలని మేడమ్ గుడ్డ కప్పి వెళ్లారు. పెద్దవాళ్లెవరో చూడటానికి వస్తున్నారని మా హైదరాబాదీ ముదీర్, అదే మేనేజరు, మాకంటే ముందే వచ్చి దాన్ని పీకి బల్ల మీద పెట్టాడు. వేలి ఎముకలు చెదిరిపోయాయి.

"ఏమైతది మేడమ్, సీసా పగల్లేదు కదా!" అని నవ్వాడు.

"పగిలినా బాగుండేదండీ! ఆ పిల్ల దాన్నెలా పట్టుకుందో ఇంకెవరికీ తెలీదు. చచ్చిపోయిన పిల్ల చేతిలోంచి లాక్కున్నారు మీరు!"

"ఖలాస్ మేడమ్. గెస్టులొస్తున్రు."

అతిథులు రాగానే సీసా గురించి చెప్పమన్నాడు. ఆవిడ వాళ్లను సమాధి దగ్గరికి తీసుకెళ్లి, అతను చేసిన పని అతని ముందే చెప్పారు.

సాయంత్రానికి ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు. పంపించే వ్యాన్ వచ్చేసరికి ఆవిడ సమాధిలో కూర్చుని, చెదిరిన ఎముకలు ఏరి దూదిలో పెడుతున్నారు. డ్రైవర్ ఎంత హారన్ కొట్టినా, అన్నీ దొరికేదాకా లేవలేదు.