వీరభద్రం సార్ కూలిపోవడానికి కట్టిన ఇల్లు

మా గురువుగారు వీరభద్రం సార్ ఇక లేరన్న వార్త బస్సు బూర్గంపాడు దాటుతుండగా నాకు చేరింది. భద్రాచలం దవాఖానాలో జ్వరంతో ఉన్న ఆయన్ను చూడటానికే వెళుతున్నాను. ఫోన్ చేసింది లచ్చమ్మ. దుమ్ముగూడెం అవతల అడవి అంచు పల్లెలో ఆయనకు పొరుగున ఉండే కోయ అవ్వ. "సారు పానం ఇడిసిండు బాబూ. నువ్వు నిమ్మళంగ రా, ఇగ తొందరేం లేదు" అంది. ఇటువంటి నివాళి వ్యాసాల్లో ఈ చోట ఆకాశం విరిగి మీద పడాలి. ఆకాశం యథాస్థానంలోనే ఉంది. నేను మాత్రం దిగవలసిన చోటు దాటిపోయి, రెండు స్టాపుల తర్వాత దిగి, వెనక్కి నడిచాను.

ఖమ్మంలో దీర్ఘకాలం చరిత్ర బోధించిన ఆ మహనీయుడు, మహనీయుడు అన్న మాట వింటే సభలోంచి లేచి వెళ్ళిపోయేవారు. ఆయన జీవితధ్యేయం ఒక్కటే. గతకాలపు మనుషులు ఎలా బతికారో అలా బతికి చూసి తెలుసుకోవడం. "శిథిలాన్ని చూసి మనిషిని ఊహించుడు తర్వాత. బతికున్న మనిషి ఎట్లాంటి శిథిలం వదులుతడో ముందు చూడు" అనేవారు. భార్య గతించి చాలా ఏళ్ళు. సంతానం లేదు. ఆయనకు మిగిలిన బంధువర్గమంతా క్రీస్తుపూర్వానికి చెందినది.

ఒకసారి నున్నగా సానబెట్టిన రాతిగొడ్డలి తయారుచేసి, లచ్చమ్మ పెరట్లో పడి ఉన్న ఎండుమాను నరకడం ఆరంభించారు. ఉదయం మొదలైన ఆ మహాయజ్ఞం మధ్యాహ్నానికి మానులో నాలుగువేళ్ళ లోతు దిగింది. అటుగా వచ్చిన ఫారెస్ట్ గార్డు కాసేపు నిలబడి చూసి, "ఏంది సార్, ఇంట్ల గొడ్డలి లేదా? నాది ఇయ్యనా?" అన్నాడు. సార్ అరచేతులు చూపించారు. నిండా బొబ్బలు. "రాసుకోవయ్యా, పూర్వమానవునికి కూడా బొబ్బలెక్కేవి. ఈ పూట తేలిన విషయం ఇదొక్కటే" అని నాతో అన్నారు.

మరొకసారి, ఒక తవ్వకంలో దొరికిన కుండ అడుగుభాగం లచ్చమ్మకు చూపించారు. దాని నిండా చిన్న చిన్న చిల్లులు. అది పూజాపాత్ర అని పండితులు నిర్ణయించి ఉన్నారు. లచ్చమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"గిది ఉడకబెట్టినయి వార్చేటిది సారూ. మా అమ్మకు గిసొంటిదే ఉండె. పూజ అని ఎవలు చెప్పిన్రు?"

"పెద్ద పెద్దోళ్ళు చెప్పిన్రు లచ్చమ్మా."

"తెల్వకపోతే దేవుని మీదికి తోస్తరా?"

సార్ ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసి ఇంట్లో గోడకు అంటించుకున్నారు. ఆమె పేరు కూడా కింద రాశారు. ఆ గోడమీద చోటు దొరికిన పండితురాలు ఆమె ఒక్కరే.

ఆయన ఆఖరి ప్రయోగం ఒక ఇల్లు. ఉద్యోగ విరమణ తర్వాత ఆ పల్లెలో, లచ్చమ్మ చెప్పినట్టు కర్రలు పాతి, తడికెలు కట్టి, మట్టి మెత్తి, గడ్డి కప్పి ఒక గుడిసె కట్టారు. నేల ఆమే అలికింది. అందులో ఒక ఏడాది ఒంటరిగా వండుకు తిని, ఏ రోజు ఏ మూల ఏం చేశారో అంతా ఒక నోటుబుక్కులో రాశారు. ఏడాది నిండాక ఇల్లు వదిలేసి, మూడు వానాకాలాలు దాన్ని కూలనిచ్చారు. ఆ శిథిలాన్ని ఇంకొకరు తవ్వి, అక్కడ ఎవరు ఎలా బతికారో చెప్పాలి. ఆ తర్వాతే నోటుబుక్కు తెరిచి సరిపోల్చాలి. అందాకా అది లచ్చమ్మ ట్రంకుపెట్టెలో ఉండాలి.

తవ్వే పని నాకు అప్పగించారు. ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం వస్తానని మాటిచ్చినవాణ్ణి నేను. కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం, పరీక్షలు, ఎండలు, వానలు అన్నీ కలిసి నేను ఒక్క ఆదివారమూ వెళ్ళకుండా చూసుకున్నాయి. సార్ ఒక్క మాట దెప్పలేదు. "లోపల ఎట్లుండెనో నువ్వు చూడనే లేదు కదా. నీకంటే నిష్పాక్షికుడు ఎక్కడ దొరుకుతడు?" అన్నారు. నేను దాన్ని ప్రశంసగా స్వీకరించాను.

మొన్నటి చలికాలంలో సగం తవ్వాను. సార్ బయట కుర్చీలో, ముఖంలో ఏ సూచనా కనిపించకూడదని నాకు వీపు పెట్టి కూర్చునేవారు. పొయ్యికి దక్షిణాన నేల తొక్కి తొక్కి గట్టిపడి ఉంది. చుట్టూ చేపపొలుసులు, చింతగింజలు. ఉత్తరాన మసిపట్టిన నేల మధ్య చాపంత మేర శుభ్రంగా ఉంది.

"ఇద్దరున్నరు సార్. రెండో మనిషి మహా శుభ్రమైనోడు. మెతుకు కూడా కింద పడెయ్యలె."

అప్పుడే చాయ్ తెచ్చిన లచ్చమ్మ, "గాలి తిని బతికిండేమో" అంది. సార్ ఆమెను వారించారు. నావైపు తిరగకుండానే, "మొత్తం తవ్వు. అప్పుడు మాట్లాడుదాం" అన్నారు. ఎండలు వచ్చాయి, వానలు వచ్చాయి, జ్వరం వచ్చింది. మాట్లాడటం మిగిలిపోయింది.

కర్మకాండ ముగిశాక మళ్ళీ వెళ్ళాను. ఆయన నాలుగేళ్ళ శ్రమకు ఒక ఫలితం రావాలంటే మిగతా సగం తవ్వగలవాణ్ణి నేనొక్కణ్ణే. వారం పట్టింది. ఈసారి వెనక కుర్చీ లేదు. ఎవరికీ వివరించనక్కర లేకుండా తవ్వడం ఎంత చెడ్డ పనో అప్పుడు తెలిసింది. ఉత్తరపు పక్క చివరిదాకా తుడిచి చూస్తే, లచ్చమ్మ అలికిన చేతిగీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మనిషి కూర్చున్న నేల అలా ఉండదు. నాకు అనుమానం వచ్చింది కానీ, అర్థం కాలేదు.

"గింత తవ్వినా తెల్వలేదా బిడ్డా?" అని లచ్చమ్మ నోటుబుక్కు చేతికిచ్చింది.

మొదటి నెలల్లో ప్రతి ఆదివారం కింద ఒకే సంగతి. "పొయ్యికి ఉత్తరాన రెండో చాప పరిచాను. రాలేదు. సాయంత్రం చుట్టి పెట్టాను." కార్తీకంలో ఒకచోట మాత్రం: "చాప తీయడం మానేశాను. పరిచే ఉంచుతున్నాను. వాడు ఏ రోజు వస్తాడో తెలియదు కదా."

ఆ తర్వాత దాని ప్రస్తావన లేదు. వంట, వాన, చెదలు, అంతే.

ఈ ప్రాంతపు చరిత్రపరిశోధనకు ఆయన మరణం తీరని లోటు. ఈ వాక్యం నేనూ రాస్తాననుకోలేదు, కానీ నిజం. నా నివేదికలో "ఇద్దరు నివసించారు" అన్నది కొట్టేసి ఇలా రాశాను: "నివసించింది ఒక్కరు. మరొకరికి చోటు ఉంచారు. ఆ మరొకరు వచ్చిన ఆధారం లేదు."

గుంట పూడ్చే ముందు ఆ చాప జాగా దగ్గర చాలాసేపు నిలబడ్డాను. "కూసో బిడ్డా, ఇగ ఎవలు ఏమంటరు?" అంది లచ్చమ్మ. కూర్చుంటే ఆ చేతిగీతలు చెదిరిపోతాయి. ఆ ఇంట్లో చెక్కుచెదరకుండా దొరికిన ఆధారం అదొక్కటే. నిలబడే నమస్కరించి, మట్టి కప్పాను.