బోర్లించిన పడవ

నిమ్మాడ నుంచి రోజూ బస్సెక్కి ఉద్దానం తీరంలోని జాలర్ల ఊరి హైస్కూలుకి వచ్చే సోషల్ మాస్టారు ఢిల్లీబాబుకి పిల్లల కళ్లంటే భయం. బడికి కొత్తగా కంప్యూటరు, ప్రొజెక్టరు వచ్చాక ఆ భయానికి చాటు దొరికింది. కిటికీలకు దుప్పట్లు కట్టించి, స్లైడు నిండా పాఠం కుక్కి, పిల్లలకు వీపు తిప్పి, వేలు అక్షరాల వెంట నడుపుతూ చదివేస్తాడు. గంట కొట్టేదాకా వెనక్కి తిరగడు.

ఆ రోజు పాఠం తుపాన్లు. పిల్లలు శ్రద్ధగా చూస్తారని మొదటిసారి ఒక బొమ్మ పెట్టాడు. కొండంత కెరటం, దాని కింద తిరగబడిన పడవ. వెనక ఎవరో వెక్కారు. బెంచీలు కదిలాయి. దుప్పటి జారి గదిలోకి ఎండ పడింది. ఆయన వెనక్కి తిరిగాడు. తెరవైపు ఒక్కరూ చూడటం లేదు. అందరూ కిటికీ దగ్గర గుమిగూడి సముద్రంకేసి చూస్తున్నారు.

“అయ్యోలు సంద్రం మీద ఏటకెల్తే మా ఇళ్లల్లో కూటి సట్టి కూడా బోర్లించరు మాస్టారూ. మీరు పడవే బోర్లించీసినారు,” అంది కిటికీ దగ్గర నుంచే ప్రవల్లిక.

ఆయన ప్రొజెక్టరు ఆపి, మెల్లగా వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడ్డాడు.

“మీ అయ్యది ఏ పడవమ్మా?”

ఆ బడిలో ఆయన పిల్లల్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

“ఇంకా కనబడ్నేదండి.”