స్టూడియో తమ్ముడి నాలుగు దీపాల పెట్టె

మా పక్కింటి స్టూడియో తమ్ముడు పోయాడు. మొన్న శుక్రవారం పొద్దున నేను బియ్యం కడుగుతుంటే మసీదు మైకులో చెప్పారు. ఆ మాటలు నాకు పూర్తిగా అర్థం కావు గాని, మధ్యలో ఆయన పేరు, వాళ్ల నాయన పేరు వినబడ్డాయి. నమాజు వేళ కాని వేళ మైకులో పేర్లు చదివితే అది దేనికో మా జూలూరుపాడులో అందరికీ తెలుసు. గిన్నె అట్లాగే వదిలేసి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే బియ్యం ఉబ్బిపోయి ఉన్నాయి.

నేను మూడో తరగతి దాకే చదివాను. అక్షరాలు వంకరగా వస్తాయి. అయినా రాయడానికి కూర్చున్నాను, ఎందుకంటే ఆయన గురించి బజారులో ఒక మాట తిరుగుతోంది. "మంచోడే పాపం, కాని మా పెండ్లి వీడియోలన్ని పోగొట్టిండు" అని. జనాజా లేచిన రోజు కూడా ఎవరో అన్నారు. నేను పక్కనే ఉండి నోరు తెరవలేదు. పోగొట్టింది ఆయన కాదు. అది చెప్పాలనే ఇది రాయడం.

ఇక్కడి నుంచి అడవి ఊళ్ల దాకా పెళ్లంటే ఆయనే. దారి లేని చోటికి కెమెరా సంచి మెడకేసుకుని స్కూటరు మీద పోయేవాడు. తీసినవన్నీ ఇంట్లో ఒక నల్లటి పెట్టెలో దాచేవాడు. సర్వర్ అనేవాడు దాన్ని. పెద్ద బియ్యం డబ్బా అంత ఉంటుంది. లోపల నాలుగు డిస్కులు, ముందు నాలుగు చిన్న పచ్చ దీపాలు. పక్కన, కరెంటు పోతే దాన్ని నిలబెట్టే బ్యాటరీ డబ్బా. గోదారి ఇంట్లోకొచ్చి ఆల్బం నానిపోయిందని ఒకసారి భద్రాచలం నుంచి ఒకామె ఏడ్చుకుంటూ వచ్చింది. పెట్టెలోంచి ఆమె పెళ్లి మొత్తం తీసిచ్చాడు. ఆమె ఆ పెట్టెకు దండం పెట్టింది.

చాయ్ తాగుతూ పెట్టెకు చెవి ఆనించడం ఆయన అలవాటు. లోపల ఏ డిస్కు ఎట్లా తిరుగుతుందో చప్పుడు బట్టే చెప్పేవాడు. ఏదైనా తేడా వస్తే ముందు డిస్కును అనేవాడు కాదు. తీగ ఊడదీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూసేవాడు. "ముందు తీగను చూడాలె అక్కా, తర్వాతనే డిస్కును అనాలె" అనేవాడు.

"ఒకటి చెడిపోతే ఎట్ల తమ్మీ?" అని నేను వారానికొకసారైనా అడిగేదాన్ని.

"నలుగురు మోసేదాన్ని ముగ్గురు మోస్తరు. ఏం కాదు. ఇద్దరే మిగిలితే కింద పడ్తది."

నాకు భయం ఎక్కువ. గ్యాసు బండ మూసి మళ్లీ వెనక్కొచ్చి చూస్తాను. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటాను. ఆయన నవ్వేవాడు. "అక్కా, నువ్వు భయపడని రోజు ఎప్పుడో చెప్పు, ఆ రోజు స్టూడియో బంద్ పెడ్త."

"గట్ల భయం లేని రోజొస్తే ఇంకింత భయమైతది తమ్మీ" అనేదాన్ని.

రెండేళ్ల కింద ఆయన కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఖమ్మం దవాఖానాకు పోయి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఇంకో పెట్టె కొని అన్నిటికీ నకలు తీసి వేరేచోట పెట్టాలని ఎప్పుడూ అనేవాడు. "ఒక్క తాన ఉన్నది లేనట్టే లెక్క అక్కా" అనేవాడు. దవాఖానా నుంచి వచ్చిన రోజు మంచం దిగలేడు. మర్నాడు ఆ పని ఇంకో నాటికి పోయేది.

పోయిన ఎండాకాలం చివర, మామిడికాయలు రాలే గాలివానల రోజుల్లో ఒక డిస్కు టిక్కు టిక్కుమని ఆగిపోయింది. దాన్ని తీసేసి కొత్తది పెట్టాడు. పాత మూడూ కలిసి తమ దగ్గరున్నది కొత్తదానికి నింపాలట, ఒకటిన్నర రోజు పడుతుందట. ఆ మధ్యలోనే దవాఖానా రోజు వచ్చింది. భార్యను వెంటబెట్టుకుని పోతూ తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

"ఏం చెయ్యకక్కా. సాయంత్రం పోయి దీపాలు చూసి రా. మూడు నిలకడగ ఉంటయి, ఒకటి మిణుకుమిణుకుమంటది. గంతే."

పిడుగుల సంగతి ఆయన అనలేదు. నేను అడగలేదు.

నా చిన్నప్పుడు మా అమ్మగారింట్లో రెండు బర్రెలు ఇప్పచెట్టు కింద పిడుగుకు పోయాయి. తర్వాత ఒక ఉరుముకు నా టీవీ పోయింది. మా వీధిలో మబ్బు ఉరిమితే ఆడవాళ్లం చేసే మొదటి పని ప్లగ్గులు పీకడం. ఆ సాయంత్రం అడవి వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. మా ఇంట్లో అన్నీ పీకి, తడుచుకుంటూ వాళ్లింటికి పోయాను. ఫ్రిజ్జుది పీకాను. పెట్టెదీ పీకాను. వెంటనే బ్యాటరీ డబ్బా కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అది పేలి ఇల్లు తగలబడుతుందేమోనని భయపడ్డాను. దాని మీద ఒక బటన్ ఉంటే నొక్కి పట్టాను. అరుపు ఆగేదాకా పట్టాను. నాలుగు దీపాలూ ఆరిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. ఇల్లు కాపాడానని అనుకున్నాను కూడా.

చీకటి పడుతుండగా వాళ్లు వచ్చారు. తమ్ముడు ఆరిన పెట్టె ముందు కూలబడి, "కరెంటు పోయిందా అక్కా?" అన్నాడు.

ఆయన ముఖం చూశాను. "అవ్ తమ్మీ, ఉరుములకు పోయింది" అన్నాను.

కరెంటు పోయిన మాట నిజమే, కాని నేను పీకిన తర్వాత పోయింది. ఆయన కాసేపు నా వైపు చూసి, "తడిసినవు, పోయి తల తుడుచుకో" అన్నాడు.

పెట్టె తెరుచుకోలేదు. పాత మూడింటిలో ఇంకొకటి కూడా టిక్కుమంది. డిస్కుల్లో ఫొటోలు ఉన్నాయట, కాని ఏది ఎక్కడుందో చెప్పే పట్టీ చెడిపోయిందట. "ఇండ్లన్ని ఉన్నయక్కా, తలుపుల మీద నంబర్లు చెరిగిపోయినయి" అన్నాడు. కంప్యూటర్ షాపాయన వచ్చి, "రిపేర్ కొట్టు భాయ్, పది నిమిషాల పని" అన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. "దెబ్బతిన్నదాని మీద చెయ్యి పెట్టొద్దు. నకలు తీసి, ఆ నకలు మీదనే ఏదైన చెయ్యాలె." నకలు తీయడానికే వారాలు పట్టింది. టిక్కుమనేదాన్ని కాసేపు నడిపి, వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ నడిపేవాడు. ఆయనకే ఓపిక లేదు, దానికి విశ్రాంతి ఇచ్చేవాడు.

ఆ నకళ్ల నుంచి ఫొటోలు పేర్లు లేకుండా వచ్చాయి, వేలకు వేలు. సగం వాటిలో పైన తలలుంటాయి, కింద అంతా బూడిదరంగు. వీడియోలు చాలా వరకు రానే లేదు. దొరికినవాటిని, కొత్త డిస్కులు వేసి మళ్లీ ఆ పెట్టెలోనే దాచాడు. ఎవరి ఫొటో ఎవరిదో తేల్చడానికి నన్ను పిలిచేవాడు.

"ఈమె ఎవరక్కా?"

"ఆ ముక్కుపుడక చూడు. కిరాణా కొట్టాయన పెద్ద బిడ్డ."

"నీ తలకాయల ఉన్న డిస్కుకు నకలు తియ్యాలె అక్కా, అన్నిటికంటె ముందు" అని నవ్వేవాడు.

జనం వచ్చేవారు. ఒకాయన గడప మీదే నిలబడి, "మా కోడలు ఏడుస్తుంది భాయ్. నీ డబ్బాల పెట్టి మా పెండ్లిని తుడిచి పెట్టినవ్. పాత రీలే నయముండె" అన్నాడు.

"నా పొరపాటే అన్నా. చూస్కోలే" అన్నాడు తమ్ముడు.

నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. కళ్లద్దాలు సర్దుకుని, తెర మీద ఎవరిదో ముఖం వెతుకుతున్నట్టు కూర్చున్నాను.

ఒకరోజు ఎవరిదో పెళ్లిలో మా ఇంటాయన కూర వడ్డిస్తున్న ఫొటో దొరికింది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. నుదురు, కళ్లు, మీసం దాకా ఉంది. కింద చెయ్యి లేదు, గరిటె లేదు, బూడిదరంగే. తమ్ముడు దాన్ని కాగితం మీద తీసి నాకిచ్చాడు. "ఇంతే దొరికిందక్కా. మాఫ్ చెయ్యి" అన్నాడు.

నన్ను మాఫ్ చెయ్యమన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. కాగితం మడిచి రవికలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంకోరోజు తీగలు సర్దుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "కరెంటు పోతే బ్యాటరీ అరుస్తదక్కా. ఆ అరుపు సచ్చిపోతున్న అని కాదు, బతికే ఉన్న అని. ఛార్జింగ్ మరీ తగ్గినంక పెట్టెనే పద్ధతిగ పండుకుంటది. దాన్ని ఎవ్వరు పండబెట్టొద్దు." ఊరికే చెబుతున్నాడనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

ఆయన పోయిన నాలుగో రోజు వాళ్లావిడ దగ్గర కూర్చుని చెప్పేశాను. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, "ఆయనకు ఎరికేనక్కా" అంది. "రెండో దినమే ఎరికె. ప్లగ్గు ఎప్పుడు పీకిన్రు, బటన్ ఎప్పుడు నొక్కిన్రు, అన్ని ఆ పెట్టెల రాసుంటదంట. అక్కకు చెప్తే అన్నం తినది, ఊకో అన్నడు."

"మరి నువ్వన్న అనకపోతివా చెల్లె?"

"నువ్వే చెప్తవేమోనని చూసిన."

ఏడాది చూసింది ఆమె. నాకు చాయ్ పోస్తూ చూసింది.

తమ్ముడి మీద నాకు కోపం కూడా వస్తుంది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. బజారులో మాటలన్నీ తానే పడి, నాకు తిట్లు లేకుండా చేసి పోయాడు. ఇప్పుడు నేను ఎవరి దగ్గరికి పోయి తిట్టించుకోవాలి? ఇది చదివేవాళ్లలో ఆయన తీసిన పెళ్లిళ్ల వాళ్లుంటే వినండి. బటన్ నొక్కింది నేను. మాటలనాలంటే స్టూడియో పక్కిల్లు నాది, రండి. ఆయన్ని అనొద్దు.

నిన్న మధ్యాహ్నం మళ్లీ ఉరిమింది. మా ఇంట్లో ప్లగ్గులు పీకి వాళ్లింటికి పోయాను. ఇద్దత్‌లో ఉన్నది కాబట్టి, మొగుడు పోయిన దుఃఖదినాలు తీరేదాకా ఆమె గడప దాటదు, పెట్టె ఎదురుగా చాప మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. కరెంటు పోయింది. బ్యాటరీ కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది. నా రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె పెట్టె వైపు చూడలేదు, నా కొంగు వైపే చూస్తూ ఉంది. బయట వాన. నాలుగు దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి, అది అరుస్తూనే ఉంది.