ఇటుక అవతలిది నాది కాదు

మన చర్చి సంఘ పత్రికకు, పాస్టరుగా నన్ను నాలుగు మాటలు రాయమన్నవారు "ప్రభువునందు నిద్రించారు" అని మొదలుపెట్టమన్నారు. మా అక్క భర్త, మా బావగారు, నిద్రించలేదు. మొన్న నవంబరులో ఒక శనివారం, దేశం కాని దేశంలో, మన బెంటన్‌విల్‌కు తూర్పున కొండల్లో, ఓక్ చెట్టుకు వీపు ఆనించి, పక్కన చచ్చిన జింకతో, వానలో తడుస్తూ గుండె ఆగి చనిపోయారు. చావును నిద్ర అనే అధికారం లేపగలిగినవాడికే ఉంది. మనకు లేదు.

మీలో చాలామందికి ఆయన కానుకల సంచి పట్టుకుని బెంచీల మధ్య నెమ్మదిగా నడిచే మనిషిగానే తెలుసు. వారమంతా కంప్యూటర్ ఉద్యోగం. చలికాలం శనివారాలు మాత్రం విల్లు పట్టుకుని అడవికి. మొదట్లో నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"ఏం బావగారూ, ఈ ఊళ్ళో చికెన్ దొరకట్లేదా?"

"దొరుకుతుంది బామ్మర్దీ. ప్లాస్టిక్ ట్రేలో కోడికి మొహం ఉండదుగా, అందుకే నీకంత ధైర్యం."

ఆయన వేట మొదలుపెట్టింది రైఫిల్‌తోనే. మొదటి ఏడే లోయ అవతలి గట్టు మీదున్న జింకను కొట్టారు. అది కాలు ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. తిరిగొచ్చి రైఫిల్ అమ్మేశారు. తుపాకీతో తేలిక కదా అని నేనంటే, ఆయన బాణం ములుకు తుడుస్తూ చెప్పిన మాట ఇది.

"తేలికే. భయం కూడా అదే. తుపాకీ మీది స్కోప్ అద్దంలో అది బొమ్మలా ఉంటది. నువ్వు వేలు నొక్కేసరికి ఒక అడుగు ముందుకేస్తది, గాలి గుండుని పక్కకి తోస్తది. నీ అంచనా తప్పితే నువ్వు ఇంటికొచ్చి అన్నం తింటావ్. అది కడుపులో గుండు పెట్టుకుని తిరుగుద్ది."

"విల్లయితే?"

"నువ్వే దగ్గరికెళ్ళాలి. దాని ఊపిరి పొగ కనబడాలి. అంత దగ్గరికెళ్ళాక సగం సార్లు వెయ్యబుద్ధి కాదు." ములుకు పక్కన పెట్టి, "అట్టాగని విల్లు పట్టినోళ్ళంతా నీతిమంతులని ప్రసంగం చెయ్యమాక. బాణంతోనూ దూరం కొట్టి పాడుచేసేవాళ్ళున్నారు. రైఫిల్‌తో దగ్గర్నించి ఒక్క దెబ్బలో పడగొట్టేవాళ్ళూ ఉన్నారు" అన్నారు.

వాళ్ళింటి వెనక గడ్డిలో ఒక ఫోమ్ జింక బొమ్మ, దానికి ఎదురుగా ఒక ఇటుక ఉండేవి. ఇటుక దగ్గర నిలబడి వేసిన బాణాలన్నీ సాసరంత చోటులో దిగాలి. ఒక్కటి పక్కకి పోయినా ఇటుకను ముందుకు జరిపేవారు. అడవిలోనూ అంతే దూరం ఆయన హద్దు; అది దాటి ఉన్న జింకను వదిలేసేవారు. భుజం నొప్పి పెరిగేకొద్దీ ఇటుక ముందుకు జరుగుతూ వచ్చింది. ఈ ఏడు మరీ దగ్గరికి వచ్చేసరికి అక్క వంటింటి కిటికీలోంచి, "ఇంక దాని మెడలో గంట కట్టి మేపుకోండి" అంది. ఆయన నవ్వారు. కానీ ఇటుక కదపలేదు. "ఇటుక అవతలిది నాది కాదు" అన్నారు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. అలా వట్టి చేతులతో ఎన్ని శనివారాలు ఇంటికొచ్చారో.

బైబిల్లో, ప్రవక్త మాట కాదని మారువేషం వేసుకుని యుద్ధానికి వెళ్ళిన రాజు సంగతి మీకు తెలుసు. ఎవడో గురి చూడకుండా వదిలిన బాణం కవచం అతుకులో దిగింది. సాయంత్రానికి రథం అడుగంతా నెత్తురు. అది దేవుని తీర్పని నేను ప్రసంగంలో పుల్‌పిట్ అదిరేలా గర్జించిన రోజు, బావగారు గుమ్మం దగ్గర నన్ను ఆపారు. "తీర్పు దేవుడిది, సరే. మరి వదిలినోడి సంగతేంటి? ఎవరికి తగిలిందో వాడు వెళ్ళి చూశాడా?" లేఖనమంతా వెతికాను. వాడు వెళ్ళి చూసినట్టు ఎక్కడా లేదు.

వేటాడినవాడు నెత్తురును మట్టితో కప్పాలని బైబిల్లోని ధర్మశాస్త్రం చెబుతుంది. మనం చదివి పేజీ తిప్పేస్తాం. ఆయన కప్పేవారు. చేతి తొడుగులు తీసి, వట్టి చేతులతో. బూటుతో తోస్తే చాలదా అన్నాను. "బూటుతో తోస్తే దాచిపెట్టినట్టు ఉంటది" అన్నారు.

ఇక ఆ శనివారం. మన సంఘంలోని ఒక సహోదరుడి అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు రాయను. కొత్త రైఫిల్‌తో లోయ ఇవతలి నుంచి అవతలి గట్టు మీది జింకను కొట్టి, ఆ సహోదరుడు మా బావగారికి ఫోన్ చేశాడు. ఆ మాటలు తర్వాత అతనే నాకు చెప్పాడు.

"అన్నా, కొట్టాను."

"పడిందా?"

"లేదన్నా. కడుపులో తగిలినట్టుంది, లోయలోకి దిగిపోయింది. నాకేమో పాప బర్త్‌డే. హాల్ బుక్ చేశాం, వెళ్ళాలి."

"వాన పడేట్టుంది. పడితే నెత్తురు జాడ పోద్ది."

"ఒక్క డీరేగా అన్నా. వదిలేయండి."

"నువ్వెళ్ళు. నేను దిగుతా."

మధ్యాహ్నం దాటినా ఆయన ఫోన్ ఎత్తలేదు. అక్క తన ఫోన్లో చూస్తే మ్యాప్‌లో ఆయన ఉన్న చోటు చూపే చుక్క లోయ అడుగున కదలకుండా ఉంది. షెరిఫ్ ఆఫీసు పోలీసులతో కలిసి నేనూ దిగాను. జింక కడుపులో గుండు గాయం. గుండె దగ్గర, చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి వేసిన బాణం. దాని బాధ ఆపేశారు. నెత్తురు పారిన చోటంతా మట్టి కప్పి ఉంది. వాన ఆ మట్టిని కరిగిస్తోంది. బావగారి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. తొడుగులు పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి.

భూస్థాపన రోజుకి నాలో నిప్పు సిద్ధంగా ఉంది. బైబిలు వాక్యాలన్నీ ఏరి పెట్టుకున్నాను. ఆ సహోదరుడు ఆఖరి బెంచీలో తలవంచుకుని కూర్చున్నాడు. నేను పుల్‌పిట్ వైపు నడుస్తుంటే అక్క నా చొక్కా పట్టుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ. ఆ వెనక బెంచీ మీదేనా నీ గురి?"

నేను చొక్కా విడిపించుకోబోయాను.

"అక్కణ్ణించి కొడితే ఎక్కడ తగులుద్దో నువ్వు చూడలేవు. వాడు ఆ దెబ్బతో ఎక్కడ తిరుగుతాడో నీకు తెలీదు. చెప్పాలనుంటే దగ్గరికెళ్ళి చెప్పు. లేకపోతే నోరు మూసుకో."

నేను ఆఖరి బెంచీ దాకా వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. అతని ఊపిరి వినపడుతోంది. ఏరి పెట్టుకున్న వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "రా తమ్ముడూ" అన్నాను. చెయ్యి పట్టుకుని బావగారి శవపెట్టె దగ్గరికి తీసుకెళ్ళాను.

దేహాన్ని సిద్ధం చేసిన ఫ్యునెరల్ హోమ్ వాళ్ళు బావగారి చేతులు శుభ్రంగా కడిగారు. కుడి బొటనవేలి గోరు మాత్రం కడగొద్దని అక్క చెప్పిందట.

"అది నీ డీర్ నెత్తురు మీద కప్పిన మట్టి" అన్నాను.

అతను వంగాడు. తన ఊపిరి ఆ చేతికి తగిలేంత దగ్గరికి వంగి, అలాగే ఉండిపోయాడు. తెల్లటి సాటిన్ గుడ్డ మీద బావగారి చెయ్యి. ఆ గోటి కింద సన్నగా, నల్లగా, కొండ మట్టి.