హెస్టర్ చేసిన పరామర్శ

పోయిన శనివారం సాయంత్రం మా అమ్మ హెస్టర్ మర్నాటి భోజనానికి బంగాళాదుంపలు చెక్కు తీసి, చల్లనీళ్లలో వేసి, కాసేపు కూర్చుంటానంది. మళ్లీ లేవలేదు.

ఉత్తర ఐర్లాండ్‌లోని మా చిన్న ఊళ్లో ఆమెను ఇష్టపడినవాళ్లు తక్కువ. ప్రొటెస్టెంట్లకీ కాథలిక్కులకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోజులవి; మేం ప్రొటెస్టెంట్లం. 1977లో ఇనుప సామాన్ల కొట్లో బాంబు పేలి మా నాన్న వెస్లీ చనిపోయాడు. వారం తిరక్కుండా పోలీసులు ఫెలిం అనే కాథలిక్ కుర్రాణ్ణి పట్టుకున్నారు. నేరం ఒప్పుకున్నాడని చెప్పడానికి ఇన్‌స్పెక్టర్ మా ఇంటికొచ్చాడు.

"ఎలా ఒప్పుకున్నాడు?" అంది అమ్మ.

"టీ, బిస్కెట్లు పెట్టి అడగలేదు లెండి. తలకి సంచి తొడిగి, నిద్ర పోనివ్వకుండా గోడకి నిలబెట్టాం. ఇంకో బాంబు ఉందేమోనని!"

"దొరికిందా?"

"వాడు చెప్పిన చోటల్లా వెతికాం. లేదు."

"నన్ను అలా నిలబెడితే, నా మొగుణ్ణి నేనే చంపానని చెప్పేదాన్ని."

మా బాబాయి ఆల్బర్ట్‌కి ఒళ్లు మండింది. "దొరికుంటేనో వదినా? పదిమంది బతికేవాళ్లు కదా!"

"దొరికుంటే ఈయనకి థాంక్స్ చెప్పి, ఆ తర్వాత ఈయన్నే జైల్లో వెయ్యమనేదాన్ని. వెస్లీ పేరు చెప్పి ఎవర్నీ హింసించడానికి వీల్లేదు."

కోర్టులో విచారణ రోజు ఆమెకు పోలీసుల పక్కన, ముందు వరుసలో కుర్చీ ఉంచారు. అమ్మ దాన్ని దాటుకుని అవతలి వైపు వెళ్లి, ఫెలిం తల్లి డింప్నా చేయి పట్టుకుంది. "మీకొచ్చిన కష్టానికి బాధగా ఉందమ్మా," అంది. మా వైపు చావింట్లో తప్ప ఎవరూ అనని మాట అది.

బయటికి రాగానే పొరుగింటి ఐవీ అడ్డం నిలబడింది. "వెస్లీ సమాధి మట్టి ఇంకా ఆరలేదు. సిగ్గులేదుటే నీకు?"

"ఉంది కనకే వెళ్లాను."

ఫెలింకు శిక్ష పడింది. ఇన్‌స్పెక్టర్ మీద అమ్మ పెట్టిన ఫిర్యాదును ఎవరూ పట్టించుకోలేదు. ఆమె మళ్లీ పెట్టింది, మళ్లీ పెట్టింది. చర్చిలో ఆమె బెంచీ మీద పక్కన కూర్చోవడం అందరూ మానేశారు. "పోనీలే, కోటు పెట్టుకోడానికి చోటు దొరికింది," అనేది.

కుర్రాడు అమాయకుడని నమ్మబట్టే అమ్మ అంత మొండిగా నిలబడిందనుకున్నాను. అదే మాట పట్టుకుని వీధి వీధంతటితో పోట్లాడాను.

మొన్న అమ్మ అంత్యక్రియలకు ఫెలిం వచ్చాడు, జుట్టంతా నెరిసిపోయి. "అమ్మ ఒక్కతే నిన్ను నమ్మింది," అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "ఆవిడ మొదటిసారి జైలుకొచ్చినప్పుడే చెప్పేశాను, బాంబు సంచి మోసింది నేనేనని. ఆవిడేమో, 'అయినా వాళ్లు నిన్ను అలా చెయ్యకూడదు' అంది. తర్వాత, వెస్లీని చూశావా అని అడిగింది."

"చూశావా?"

"నా చేతులు ఖాళీగా లేవని, కొట్టు తలుపు తెరిచి పట్టుకున్నది ఆయనే."