రబ్బరు బ్యాండు వేసిన సీసా

"ఆ ఆవకాయ సీసాలు... నూనె నేనే తారుమారు చేశాను కదే?"

"ఇప్పుడవన్నీ ఎందుకండీ. కళ్ళు మూసుకుని పడుకోండి."

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఆసుపత్రి మంచం మీద నుంచి మా ఆయన అడిగారు, పక్కన కుర్చీలో కూర్చుని నేను చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరవలేదు. "మీరు కాదండీ, నేను" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆరేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఆ పూట కూడా బయటికి రాలేదు. ఆ బరువు ఇంకా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. రాయమ్మా, ఆగకు.

మేము అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆయన రోడ్ల ఆఫీసులో మట్టి పరీక్షలు చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆయనకు రెండు కోరికలు పుట్టాయి. పచ్చళ్ళ మీద తెలుగులో ఒక పుస్తకం రాయాలి, ఏ పచ్చడి ఎందుకు నిలవ ఉంటుంది, ఏది ఎందుకు బూజు పడుతుంది అని. నా చేతి పచ్చళ్ళను పర్మిషన్లన్నీ తీసుకుని షాపుల్లో అమ్మించాలి. రెండింటికీ తెలిసినవాళ్ళ అండ కావాలి. అందుకని మనుషులను పోగుచేయడం మొదలుపెట్టారు. ఒక బూట్ల పెట్టె, దాని నిండా కార్డులు. కార్డుకొక మనిషి. పేరు, ఊరు, ఏ విషయం తెలుసు, ఎప్పుడు ఫోన్ చేస్తే విసుక్కోరు, పిల్లలేం చదువుతున్నారు, అన్నీ రాసుకునేవారు. ఆయనకొక పద్ధతి ఉండేది. ముందు సీసా వెళ్ళాలి, తర్వాతే ప్రశ్న. కొత్త మనిషి పరిచయమైతే చాలు, నా ఆవకాయ కొరియర్ ఎక్కేది.

"నీ ఆవకాయే నా విజిటింగ్ కార్డు. ఎంత పెద్ద చదువు చదివినా నాలుక నాలుకేనే" అని నవ్వేవారు.

ఆ పెట్టెలో అన్నిటికంటే ముందుండే కార్డు క్యారీ అనే ఊళ్ళో ఉండే ఒక పెద్దావిడది. తిండి పదార్థాలు పాడవకుండా ఉంచే శాస్త్రంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆయన డాక్టరమ్మ గారు అనేవారు. పుస్తకంలో సగం ఆవిడ ఫోన్‌లో చెప్పిందే. ఆవిడకు నువ్వులు పడవు. ఒక్క చుక్క నువ్వుల నూనె తగిలినా గొంతు వాచి ఊపిరాడదట. మొదటి ఫోన్‌లోనే చెప్పారు. అందుకని ఆవిడ సీసాలో మాత్రం పల్లీ నూనె.

ఇక నా సంగతి చెప్పాలి. నేను రెండో తరగతితో ఆగిపోయాను. సంతకం పెడతాను, అంకెలు గుర్తుపడతాను, అంతే. ఆయన రిటైరయ్యాక పంతం పట్టి నాకు చదువు చెప్పారు. ఆ కార్డులే వాచకం. నాకు ఎక్కలేదు. ఆయన పైకి చదివేటప్పుడు విని గుర్తుపెట్టుకున్నాను. మూల మడతపడింది లాయరుది, టీ మరక ఉన్నది డబ్లిన్‌లో తెలుగు పుస్తకాలు అచ్చుకు సిద్ధం చేసే అతనిది. ఆయన కార్డు చూపిస్తే గడగడా అప్పజెప్పేదాన్ని. మోసమని అప్పుడు అనిపించలేదు. ఆయన మురిసిపోతుంటే కాదనడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో చెప్పేవారు: "రిటైరయ్యాక నేను సాధించింది ఇదొక్కటే. ఇప్పుడు మా ఆవిడ నా ఉత్తరాలు కూడా చదివేస్తుంది, జాగ్రత్తగా ఉండాలి."

ఆ వేసవిలో రెండు సీసాలు పంపాలి. ఒకటి క్యారీకి, ఒకటి డబ్లిన్‌కి. నూనె ఆయనే పోసి, గట్టిగా మూతలు బిగించి, పల్లీ నూనె సీసాకి రబ్బరు బ్యాండు వేశారు. రెండు అడ్రసు లేబుళ్ళు రాసి బల్ల మీద పెట్టారు. ఆ రోజు పళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంటు ఉంది. "సీసాలు చెరో పెట్టెలో సర్ది, బ్యాండు ఉన్న దానికి డాక్టరమ్మ గారి లేబుల్ అంటించు. కొరియర్ అతను వచ్చేస్తాడు" అని కారు తీశారు.

లేబుళ్ళు రెండూ నాకు ఒకటే. కార్డులంటే మడతలు, మరకలు ఉంటాయి. ఇవి తెల్లగా, కొత్తగా ఉన్నాయి. ఆయనకు ఫోన్ చేయొచ్చు. పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయిని పిలిచి అడగొచ్చు. అడిగితే ఇన్నాళ్ళ గొప్ప అంతా ఏమవుతుంది? ఒక లేబుల్ తీశాను. అంటించాను. అంతే. మనిషి ప్రాణంతో చీటీలాట ఆడాను.

నాలుగు రోజుల తర్వాత డాక్టరమ్మ గారి అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. "అంకుల్, అమ్మకి ఊపిరి రాలేదు. ఈఆర్‌కి తీసుకెళ్ళాం, ఐసీయూలో ఉంది. మీరు పల్లీ నూనె అన్నారు. యూ ప్రామిస్డ్, అంకుల్!"

ఆయన ఫోన్ పెట్టేసి నావైపు చూశారు. కోపం కాదు. భయం.

"బ్యాండు ఉన్న సీసాకే అంటించావా?"

"ఆఁ."

"చదివే అంటించావు కదా?"

"చదివే అంటించానండీ. నాకు చదవడం రాదా ఏంటి?"

ఎదురు ప్రశ్న కూడా వేశాను చూడండి. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని ఇప్పటికీ దిమ్మెరపోతాను. ఆయన తన చేతులవైపు చూసుకున్నారు. "అయితే నూనె నేనే మార్చి పోశాను. నాకు మతి పోతోందే" అన్నారు. అక్కడికి చేరిన సీసాకి బ్యాండు ఉందా అని ఎవరినీ అడగనైనా లేదు, నా మాటే నమ్మారు.

డాక్టరమ్మ గారు రెండు రోజులకు ఇంటికొచ్చారు. బతికారు. ఆయనే కోలుకోలేదు. మతిమరుపు డాక్టర్ దగ్గరికి వెళ్తే, గడియారం బొమ్మ గీయమని పరీక్ష పెట్టి వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నారన్నాడు. ఆయన నమ్మలేదు. "కాగితం మీద గడియారం బొమ్మ గీయడం వేరు, సీసాలో నూనె పోయడం వేరు" అన్నారు. కారు తాళాలు తెచ్చి నా తమ్ముడి కూతురి చేతిలో పెట్టారు. "నూనెలు గుర్తులేనివాడికి ఎర్ర లైటు గుర్తుంటుందా?" అన్నారు. ఆ ఊళ్ళో కారు లేకపోతే ఇంట్లో కూర్చోవడమే. స్టవ్ ఆపానా అని మూడుసార్లు లేచి చూసుకునేవారు. బూట్ల పెట్టె ముందు పెట్టుకుని కార్డు వెంట కార్డు తీసి అందరికీ ఫోన్ చేశారు. "నా మతి మీద నాకే నమ్మకం లేదండీ, నేను పంపినవేమైనా ఉంటే పారేయండి." చేసి, ఆ కార్డు మీద అడ్డంగా గీత కొట్టేవారు. నేను వంటగదిలో నిలబడి వింటూ ఉన్నాను. పుస్తకం ఆగిపోయింది. షాపుల మాట మళ్ళీ ఎత్తలేదు. మతి బాగున్న మనిషిని మతిలేనివాడిగా ఆరేళ్ళు బతికించాను.

అప్పుడు నాకు నేను ఒక మాట చెప్పుకునేదాన్ని. ఎటూ డాక్టరమ్మ గారు తెగతెంపులు చేసుకుని ఉంటారు, ఇక నిజం చెప్పి ఏం లాభం అని. ఆయన పోయిన పదిహేనో రోజున ఆవిడే ఫోన్ చేశారు.

"మీ ఆయన ఎంత మొండివారమ్మా! అయిందేదో అయింది, పుస్తకం ఆపొద్దని నెల తిరక్కుండానే చెప్పాను. సైన్స్ భాగమంతా నేనే రాసిస్తానన్నాను. ఏటా అడిగాను. 'నా చేయి మంచిది కాదండీ, నా పుస్తకం చదివి ఇంకొకరు పడిపోతే ఎలా' అనేవారు."

ఏటా అడిగారా? ఆయన నాతో ఒక్కసారి కూడా అనలేదే? అంటే తలుపు ఆరేళ్ళూ తెరిచే ఉంది. ఆయన లోపలికి అడుగు పెట్టడానికి కావలసింది నా ఒక్క మాట. అది ఇప్పుడు తెలిసింది. మరి ఆవిడతోనైనా చెప్పానా? "అవునండీ, మొండివారే" అన్నాను. పోయిన మనిషి మీదకే మళ్ళీ నెట్టాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేరు. డాక్టరమ్మ గారికి ఇంకా చెప్పలేదు, ఈ కాగితం ఆవిడకు పంపే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలియదు. ఆయన కారణంగా ఆ సీసా మారలేదు. నేను మార్చాను. ఇంతవరకు ఏ మనిషి ముందూ అనని మాట అన్నాను. గొంతు కాస్త తెరుచుకున్నట్టుంది, అంతకంటే ఏమీ లేదు.

చాలమ్మా. ఇక మొదటి నుంచి చదివి వినిపించు. మధ్యలో రెండుసార్లు నీ పెన్ను ఆగింది. అత్తయ్య కదా అని జాలిపడి నా మాటను ఎక్కడైనా మెత్తగా మార్చావేమో. మార్చినా పట్టుకోవడం నాకు రాదు. చదువు, వింటాను.