ఆముదం కారిన సేపు

మా ఆళ్లగడ్డ భజన మందిరంలో రామనామ సప్తాహం జరిగే ఏడు రోజులూ అఖండదీపం ఆరకూడదు. భజన చేసే జట్టు మారినప్పుడల్లా ప్రమిద నిండా ఆముదం పోస్తారు. ఏళ్లుగా ఆ పని ఒక అవ్వది. మొన్నటి సప్తాహంలో నాలుగో రోజు మధ్యాహ్నం, జట్టు మారకముందే దీపం కొండెక్కింది. అవ్వ కునుకు తీసిందని పెద్దలు తేల్చేశారు. అందరి ముందూ ఆమెను బయటికి పంపారు.

నంద్యాలలో నూనెల చిక్కదనం కొలవడమే నా ఉద్యోగం. అడుగున చిన్న చిల్లున్న కప్పులో నూనె నింపి, ధార తెగడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాం. పలుచని నూనె తొందరగా కారుతుంది, వత్తిలోనూ తొందరగా ఎక్కి కాలిపోతుంది. మందిరానికి ఒక దాత ఇచ్చిన ఆముదం డబ్బాలో వేలు ముంచి చూడగానే నాకు కల్తీ అనుమానం వచ్చింది. ఎండకు పల్చబడి ఉంటుందిలే అన్నాడు మందిరం పెద్ద.

ఆ మాటలో కొంత నిజముంది. అందుకే మరుసటి రోజు కప్పుతో పాటు మా అమ్మ ఇంట్లో కాచిన ఆముదం కూడా తెచ్చాను. రెండింటినీ ఒకే తొట్టి నీళ్లలో పెట్టి, వేడి సమానమయ్యాక అందరి ఎదుటా పోశాను. అమ్మ కాచింది కారేలోపు జట్టువాళ్లు ఒక కీర్తన పూర్తిచేశారు. దాత ఇచ్చిన నూనె పల్లవిలోనే అయిపోయింది.

"దేవుని కాడ ఈ కొలతలేందప్పా? ఆయప్ప భక్తితో ఇచ్చినాడు," అన్నాడు పెద్ద.

"ఆయప్ప భక్తిని నేను కొలవలేదన్నా, నూనెను కొలిచినా. మీరు అవ్వను దేంతో కొలిచినారు?"

పెద్దలు చప్పుడు కాకుండా డబ్బా మార్చారు. సాయంత్రం హారతిలో దాత గోత్రనామాలు ఎప్పటిలాగే చదివారు. నాకు ఒళ్లు మండిపోయింది. సత్యం కోసం రాజ్యం వదిలిన రాజు కథ విని కళ్లు తుడుచుకునే మనుషులు, ఒక ముసలామెకు తప్పయిందని చెప్పలేకపోయారు.

అవ్వను పిలుచుకొద్దామని వాళ్లింటికి వెళ్లాను. ఆమె చేటలో కందులు ఏరుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"నేను నిద్రబోలేదని వాళ్ల నోటితో చెప్పించు నాయనా. అప్పుడొస్తా."

తిరిగొచ్చి అదే మాట పెద్దలను అడిగాను. సప్తాహం ముగిశాక చూద్దామన్నారు. సప్తాహం ముగిసి రెండు నెలలైంది. ఎవరూ అవ్వ గడప తొక్కలేదు. నేనూ ఇప్పుడు ఆ మందిరంలో తాళం పట్టడం లేదు. నామం ఇంట్లోనే చెప్పుకుంటున్నాను. రాముడు ఇందుకు నన్ను తప్పు పట్టడనే నా నమ్మకం.